ఇస్తాంబుల్‌లో ఏ పూట ఎక్కడ తినాలి: పొద్దుటి బొరెక్ నుంచి అర్ధరాత్రి సూప్ దాకా

ఇస్తాంబుల్‌లో తిండికి కొదవ లేదు. అయినా అక్కడికి వెళ్ళొచ్చిన మనవాళ్ళు చాలామంది ‘ఖరీదెక్కువ, రుచి అంతంతమాత్రం’ అంటారు. ఎక్కడ తిన్నారని అడిగితే సుల్తానహ్మెత్ చౌరస్తాలోనో, గలాటా వంతెన కిందనో, బొమ్మల మెనూ పట్టుకుని గుమ్మం ముందు నిలబడి పిలిచిన చోటనో అని చెప్తారు. అక్కడికి పది నిమిషాల నడక దూరంలో బజారు పనివాళ్ళు, ఆఫీసు గుమాస్తాలు, కాలేజీ పిల్లలు అంతకన్నా చాలా తక్కువ డబ్బుతో కడుపునిండా, ఎంతో రుచిగా తింటుంటారు.

వాళ్ళ పద్ధతి తెలిస్తే మనకీ అది కష్టం కాదు. ఆ ఊళ్ళో ఒక్కో దుకాణం దాదాపు ఒక్కటే వండుతుంది, ఆ ఒక్కటీ ఏదో ఒక పూటే బాగుంటుంది. కాబట్టి ‘ఇక్కడ మంచి హోటల్ ఏది’ అని ఫోన్‌లో వెతికే ముందు, ‘ఇప్పుడు టైమ్ ఎంత, ఈ టైమ్‌కి ఇక్కడివాళ్ళు ఏం తింటారు’ అని ఆలోచించండి. కింద రాసిందంతా ఆ వరుసలోనే ఉంటుంది.

1. ముందుగా బోర్డు చూసి దుకాణాన్ని గుర్తుపట్టండి

చోర్బాజి అంటే సూప్ దుకాణం. బొరెక్చి దగ్గర పొరలు పొరలుగా కాల్చిన బొరెక్ తప్ప ఇంకేమీ ఉండదు. దొనెర్జి నిలువు ఊచకి గుచ్చి కాల్చిన మాంసాన్ని కోసి రొట్టెలో పెట్టి ఇస్తాడు, ఆ రోజు గుచ్చింది అయిపోతే కొట్టు కట్టేస్తాడు. పిదెజి దగ్గర పడవ ఆకారంలో ఉండే రొట్టె, దాని మీద చీజో, ఖీమానో, గుడ్డో ఉంటాయి. ముహల్లెబిజి పాల స్వీట్ల కొట్టు. తుర్షుజు ఊరగాయల కొట్టు, అక్కడ ఊరిన నీళ్ళని కూడా గ్లాసులో పోసి అమ్ముతారు. లోకంతా అంటే కూరలు, అన్నం దొరికే భోజనం హోటల్. మెయ్‌హానె అంటే మందూ, దానితోపాటు చిన్న చిన్న ప్లేట్లలో మెజెలూ.

కిరాతానె అని ఇంకొకటి ఉంది. మగవాళ్ళు గంటలకొద్దీ కూర్చుని పేకాటో, ఓకె అనే పలకల ఆటో ఆడుతూ టీ తాగే చోటు అది. ఆడవాళ్ళు అందులోకి వెళ్తే ఎవరూ ఏమీ అనరు కానీ హాయిగా కూర్చోబుద్ధి కాదు. కుటుంబంతో టీ తాగాలంటే చాయ్ బాహ్చెసి అని రాసిన టీ తోటలకి వెళ్ళండి. లోకంతాల్లో ఆ ఇబ్బంది లేదు. కొన్నిచోట్ల మెట్ల దగ్గర ‘ఐలె సలోను’ అని ఉంటుంది, కుటుంబాలు, ఒంటరిగా వచ్చిన ఆడవాళ్ళు ఆ పై అంతస్తులో కూర్చుంటారు.

పేటల సంగతికొస్తే, సుల్తానహ్మెత్‌లో మసీదులు, మ్యూజియాలు చూడండి, తినడానికి మాత్రం కిందికి దిగి సిర్కెజి స్టేషన్ దగ్గరి హోజాపాషా సందుకి రండి. ఫాతిహ్‌లో తూర్పు టర్కీ వంటలు దొరుకుతాయి, మందు దొరకదు. బెషిక్తాష్‌లో కాలేజీ పిల్లలు ఎక్కువ కాబట్టి తిండీ బీరూ కాస్త చవక. ఆసియా వైపున్న కడికొయ్‌లో ఇవన్నీ ఒకే మార్కెట్ చుట్టూ ఉంటాయి. ఊళ్ళో ఒక్క పేటలోనే తినగలిగే వీలుంటే నేను కడికొయ్‌కే వెళ్ళమంటాను.

2. మీరు ఏం తినరో టర్కిష్‌లో చెప్పడం నేర్చుకోండి

మనవాళ్ళకి అసలు టెన్షన్ ఇక్కడే. పంది మాంసం మామూలు హోటళ్ళలో దాదాపు కనిపించదు. గొడ్డు మాంసం మాత్రం అంతటా ఉంటుంది. దొనెర్, కొఫ్తె అనే ఖీమా ముద్దలు, లహ్మజున్ అనే ఖీమా పూసిన పల్చటి రొట్టె, ఖీమా పిదె, వీటిలో దేన్లోనైనా అది ఉండొచ్చు, గొర్రె మాంసంతో కలిపి కూడా ఉండొచ్చు. మెనూలో ‘దానా’ అని ఉంటే గొడ్డు మాంసం, ‘కుజు’ అంటే గొర్రెపిల్ల, ‘తవుక్’ అంటే కోడి. ‘దానా వార్ మి?’ అని అడగండి. ‘వార్’ అంటే ఉంది, ‘యోక్’ అంటే లేదు. కొందరు నోటితో చెప్పరు. తల కాస్త పైకెత్తి, కనుబొమ్మలు ఎగరేసి, నాలుకతో ‘చ్’ అంటారు. అది విసుగు కాదు, లేదు అని చెప్పడమే.

గొడ్డు మాంసం తిననివాళ్ళకి తవుక్ షిష్ అనే ఊచకి గుచ్చి కాల్చిన కోడి ముక్కలు, కోడి రెక్కలు, తవుక్ దొనెర్, చేపలు ఎప్పుడూ ఉంటాయి. వీటికన్నా మంచిది చా కెబాబు. ఎర్జురుమ్ ప్రాంతపు వంట ఇది. గొర్రె మాంసాన్ని అడ్డంగా పెట్టిన ఊచకి గుచ్చి కట్టెల మంట ముందు తిప్పుతారు, అంచు కాలినప్పుడల్లా సన్నటి పుల్లలకి గుచ్చి కోసి తెస్తారు. చాలనేదాకా తెస్తూనే ఉంటారు, ఎన్ని పుల్లలు తిన్నారో లెక్కపెట్టి డబ్బు తీసుకుంటారు. హోజాపాషా సందులో షెహ్‌జాదె చా కెబాబ్ దీనికి పేరున్న చోటు.

శాకాహారులు ‘ఎత్సిజ్’ అనే మాట గుర్తుపెట్టుకోవాలి, మాంసం లేకుండా అని. ఆ ఒక్క మాటతోనే సరిపోదు. అన్నం చాలాచోట్ల కోడి రసంతో వండుతారు. మెర్జిమెక్ చోర్బాసి, అంటే పప్పు సూప్, కొన్నిచోట్ల ఎముకల రసంతో కాస్తారు. చిక్కుడు గింజల కూర కురు ఫసుల్యెలో మాంసం ముక్కలు ఉండటం మామూలే. అందుకని ‘ఎత్ సుయు వార్ మి?’, ‘తవుక్ సుయు వార్ మి?’ అని రెండూ అడగాలి. మొదటిది మాంసం రసం ఉందా అని, రెండోది కోడి రసం ఉందా అని.

ధైర్యంగా తినగలిగినవి జెయ్తిన్యాలి వంటలు. ఆలివ్ నూనెలో వండి, చల్లార్చి వడ్డించే కూరలు ఇవి: బీన్స్, ఆర్టిచోక్, బార్బున్యా గింజలు, ఉల్లి టమాటా కూరిన వంకాయ ఇమామ్ బాయిల్ది, ద్రాక్షాకుల్లో అన్నం చుట్టిన సార్మా. సార్మా రెండు రకాలు. వేడిగా పెట్టేదాన్లో సాధారణంగా ఖీమా ఉంటుంది, చల్లగా పెట్టేదాన్లో ఉండదు. గుడ్డు కూడా తిననివాళ్ళు బొరెక్ తినేముందు అడగండి, పొరల మధ్య గుడ్డు కలిపిన పాలు పూయడం మామూలు. గొజ్లెమె బంగాళాదుంపతోనో, పాలకూరతోనో, చీజ్‌తోనో చేసే పల్చటి రొట్టె, కళ్ళముందే కాల్చి ఇస్తారు.

స్వీట్లలో ఒక విషయం మాత్రం తెలిసి తీరాలి. తవుక్ గొయ్సు అనే తెల్లటి పాల స్వీట్‌లో నిజంగానే కోడి మాంసం ఉంటుంది, పీచులు పీచులుగా విడదీసి పాలల్లో ఉడికిస్తారు. అడుగు మాడ్చి చుట్టే కజాన్‌దిబిని కూడా చాలాచోట్ల దానితోనే చేస్తారు. శాకాహారులు సుత్లాచ్ తీసుకోండి, బియ్యంతో చేసిన పాయసం, పైన ఎర్రగా కాల్చింది.

3. పొద్దున్న: తొందరలో ఉంటే సిమిత్, తీరిక ఉంటే కహ్వాల్తి

నువ్వులు అద్ది కాల్చిన వలయం లాంటి రొట్టె సిమిత్. ద్రాక్ష పాకం కలిపిన నీళ్ళలో ముంచి, నువ్వుల్లో పొర్లించి కాలుస్తారు, ఆ ఎర్రటి రంగు అందుకే. తోపుడు బండి మీద మధ్యాహ్నం దాకా ఉన్న సిమిత్ గట్టిపడుతుంది. పొద్దున్నే, వీలైతే కాల్చే బేకరీ దగ్గరే కొనండి.

బొరెక్చి దగ్గర చీజ్ పెట్టిన సు బొరెయి అడగండి. పిండి పొరల్ని ముందు నీళ్ళలో ఉడికించి తర్వాత కాలుస్తారు కాబట్టి మెత్తగా ఉంటుంది. కత్తిపీట లాంటి కత్తితో టకటకా ముక్కలు కోసి, తూచి ప్లేట్లో పెడతారు. పొద్దున 11 దాటాక బొరెక్చికి వెళ్ళి లాభం లేదు, అప్పటికి మిగిలేది ఆరిపోయిన ముక్కలే.

సెలవు రోజు పద్ధతి వేరు. సెర్ప్‌మె కహ్వాల్తి అంటే బల్ల నిండా పరిచే టిఫిన్: రెండు మూడు రకాల చీజ్, ఆలివ్‌లు, టమాటా, దోసకాయ, జాములు, తేనె, కైమాక్ అనే మీగడ, గుడ్డు, రొట్టె, టీ. టీ చాలాచోట్ల ఎంత తాగినా అదే ధర. బెషిక్తాష్‌లో కహ్వాల్తిజిలార్ సొకా అని పిలిచే సందు మొత్తం ఇదే. శనాదివారాల్లో పది దాటితే బయట నిలబడాల్సిందే, మామూలు రోజుల్లో ఖాళీగా ఉంటుంది. దీని ధర మనిషికి ఇంత అని ఉంటుంది, కనీసం ఇద్దరు ఉండాలంటారు. ఒక్కరే అయితే ‘కహ్వాల్తి తబాయి’ అని ఒక ప్లేటు తీసుకుని, పక్కన మెనెమెన్ చెప్పుకోండి. టమాటా, పచ్చిమిర్చి మగ్గబెట్టి గుడ్డు కొట్టి కలిపేదే మెనెమెన్. అందులో ఉల్లిపాయ ఉండాలా వద్దా అని అక్కడివాళ్ళు ఇప్పటికీ వాదించుకుంటారు. రాగి పళ్ళెంతోనే బల్ల మీద పెడతారు, రొట్టె తుంచి అందులోనే అద్దుకుని తినాలి.

4. మధ్యాహ్నం: ఎస్నాఫ్ లోకంతాసి

ఈ ఊళ్ళో నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి ఇవే. ఎస్నాఫ్ అంటే చేతిపనివాళ్ళు, చిన్న వ్యాపారులు. వాళ్ళ భోజనం కోసం పుట్టిన హోటళ్ళు కాబట్టి వంట ఇంటి వంటలా ఉంటుంది, వడ్డన చురుగ్గా ఉంటుంది, ధర సంపాదనకి తగ్గట్టు ఉంటుంది. ఇంత మంచి తిండిని పర్యాటకులు ఎక్కువగా దాటి వెళ్ళిపోతారు. లోపల మెనూ కనబడదు, పిలిచే మనిషి ఉండడు, అదే కారణం.

వెళ్ళాల్సిన వేళ 11:30 నుంచి 1:30 మధ్య. మూడు దాటితే మంచి కూరలు అయిపోతాయి. లోపలికి వెళ్ళగానే కూర్చోకండి, నేరుగా గాజు పెట్టె దగ్గరికి వెళ్ళండి. ఆవిరి మీద వేడిగా ఉంచిన స్టీలు పళ్ళేల్లో ఆ రోజు వండినవన్నీ అక్కడే ఉంటాయి. ఒకవైపు సూప్‌లు, మధ్యలో మాంసం కూరలు, ఇంకోవైపు కూరగాయలు, చివర చల్లటి జెయ్తిన్యాలి ప్లేట్లు, పెరుగు, స్వీట్లు. వేలు చూపించి ‘బుందాన్’ అంటే చాలు, దీన్లోంచి అని. భాష రాకపోయినా పని జరిగిపోయే చోటు ఇది.

ఇక్కడ ‘అజ్’ అనే మాట చాలా పనికొస్తుంది, సగం వడ్డన అని. ‘అజ్ పిలావ్, అజ్ ఫసుల్యె’ అంటే అన్నం కొంచెం, చిక్కుడు గింజలు కొంచెం. అలా మూడు నాలుగు కూరలు రుచి చూడొచ్చు, డబ్బు కూడా ఆ మేరకే. వడ్డించే ఆయన్ని ‘ఉస్తా’ అని పిలవండి, వంట చేతిలో ఉన్న మనిషికి ఇచ్చే గౌరవం అది. మీరు కూర ఎంచుకున్నాక ఆయన గరిటె అంచుతో పళ్ళెం అడుగునున్న రసం ఇంకాస్త తీసి అన్నం మీద పోస్తాడు. ఆ రసంలో రొట్టె ముంచుకుని తినడానికి సిగ్గుపడకండి, పక్క బల్లల మీద అందరూ చేసేది అదే. రొట్టె బుట్ట ఖాళీ అయితే అడక్కుండానే నింపుతారు.

ఏం తినాలి? కురు ఫసుల్యె, పిలావ్, పక్కన పచ్చి ఉల్లిపాయ, తుర్షు. టర్కీ మొత్తానికి ఇంటి భోజనం ఇదే. సులేమానియె మసీదు ఎదురుగా, పాత మదర్సా గదుల్లో వరసగా ఇదే అమ్మే హోటళ్ళున్నాయి. వాటిలో ఎర్జింజాన్లి అలీ బాబా 1924 నుంచి నడుస్తోంది. గింజ చితికిపోకుండా, నోట్లో పెడితే వెన్నలా విడిపోవాలి, అలా ఉంటేనే మంచి వంట. ఉస్కుదార్‌లో కనాత్ లోకంతాసి 1933 నాటిది. అక్కడ జెయ్తిన్యాలి ప్లేట్లు, పాల స్వీట్లు తప్పకుండా చూడండి, మందు ఉండదు. కడికొయ్ మార్కెట్లో చియా సొఫ్రాసి ఇదే పద్ధతిని ఇంకో మెట్టు పైకి తీసుకెళ్ళింది. ముసా దాదెవిరెన్ అనే వంటమాస్టర్ టర్కీ ఆసియా భాగమైన అనతోలియా పల్లెల్లో మరుగునపడుతున్న వంటల్ని ఏరి తెచ్చి అక్కడ వండిస్తాడు. చల్లటి మెజెలు మీరే ప్లేట్లో పెట్టుకుంటే తూచి ధర వేస్తారు. రోజుకో రకం వంట కాబట్టి రెండోసారి వెళ్తే వేరే భోజనం దొరుకుతుంది. మామూలు లోకంతా కన్నా ధర ఎక్కువే, పెట్టదగిన ఖర్చే.

ఇంకో మధ్యాహ్నం ఖాళీ ఉంటే ఫాతిహ్‌లో పాత రోమన్ నీటి వంతెన పక్కనున్న కదిన్లార్ పజారికి వెళ్ళండి. సియిర్త్ ప్రాంతం నుంచి వచ్చినవాళ్ళ దుకాణాలు ఇక్కడ ఎక్కువ. గొర్రె మాంసాన్ని గోతిలో వేలాడదీసి నిప్పుల వేడికి కాల్చిన బుర్యాన్ పొద్దున్నుంచే అమ్ముతారు. దానికన్నా పెర్దె పిలావి మన పాఠకులకి ఎక్కువ నచ్చుతుందని నా నమ్మకం. మన దమ్ బిర్యానీకి మూత చుట్టూ పిండి ముద్ద అంటించినట్టు, ఇక్కడ కోడి, బాదం, అన్నం మొత్తాన్ని పిండి పొరలో మూసేసి కాలుస్తారు. తేడా ఏంటంటే ఆ పొరని కూడా తింటారు, కరకరలాడుతూ అదే ముందు అయిపోతుంది.

సుల్తానహ్మెత్ దాటి రాలేకపోతే దివాన్యోలు వీధిలో 1920 నాటి కొఫ్తె కొట్టుంది, సెలిమ్ ఉస్తా పేరు చూసి వెళ్ళండి. చుట్టుపక్కల అలాంటి బోర్డులే ఇంకొన్ని ఉన్నాయి.

5. మూడు నుంచి ఆరు: టీ, కాఫీ, పడవ

టర్కీలో మనిషికి తాగే టీ ప్రపంచంలోకెల్లా ఎక్కువ. నల్ల సముద్రం ఒడ్డున రిజె ప్రాంతంలో పండే ఆకు అది. ఒకదాని మీద ఒకటి రెండు కెటిళ్ళు పెడతారు. పైదాన్లో చిక్కటి డికాక్షన్, కిందిదాన్లో మరిగే నీళ్ళు. నడుము సన్నగా ఉన్న చిన్న గాజు గ్లాసులో ముందు డికాక్షన్, తర్వాత నీళ్ళు. పాలు పోయరు. పల్చగా కావాలంటే ‘అచిక్’, చిక్కగా అయితే ‘దెమ్లి’. గ్లాసుకి పిడి ఉండదు, అంచు దగ్గర రెండు వేళ్ళతో పట్టుకుంటే కాలదు. తాగేశాక చెంచా గ్లాసు మీద అడ్డంగా పెడితే ఇంక చాలని అర్థం చేసుకునేవాళ్ళు ఉన్నారు. లేకపోతే ఇంకోటి వచ్చేస్తుంది.

టీ తాగడానికి ఆ ఊళ్ళో అన్నిటికన్నా మంచి చోటు కాఫీ షాపు కాదు, పడవ. ఎమినొను నుంచో, కరాకొయ్ నుంచో కడికొయ్‌కి వెళ్ళే ప్రజా పడవ ఎక్కండి, బస్సు కార్డే పనిచేస్తుంది. ఇరవై నిమిషాల పైచిలుకు ప్రయాణం. టీ పళ్ళెం పట్టుకుని మనిషి మీ దగ్గరికే వస్తాడు. బయటి బెంచీల మీద కూర్చోండి. కడికొయ్‌లో దిగాక మోదా వైపు నడిస్తే సముద్రం మీదికి చూసే టీ తోట ఉంది, ఎండ దిగే టైమ్‌కి కుర్చీ దొరకాలంటే ఐదుకే చేరాలి.

కాఫీ చెప్పేటప్పుడే చక్కెర సంగతి చెప్పేయాలి, కాచేటప్పుడే వేస్తారు కాబట్టి. ‘సాదె’ అంటే చక్కెర లేకుండా, ‘ఒర్తా’ అంటే మధ్యస్తం, ‘షెకెర్లి’ అంటే తియ్యగా. పక్కన ఇచ్చే నీళ్ళు ముందు తాగి నోరు శుభ్రం చేసుకోండి. కాఫీ అడుగున మడ్డి ఉంటుంది, అక్కడిదాకా తాగకూడదు. ఇంటికి పొడి కావాలంటే ఎమినొనులో మసాలా బజారు పక్క సందులో 1871 నాటి కురుకహ్వెజి మెహ్మెత్ ఎఫెంది కొట్టుంది. వాసన పట్టుకుని వెళ్ళిపోవచ్చు. వరస పొడుగ్గా ఉన్నా త్వరగా కదులుతుంది.

చలికాలం వెళ్తే రెండు తాగాలి. సలెప్ అనే చిక్కటి వేడి పాలు, పైన దాల్చినచెక్క పొడి. ఇంకోటి బోజా, ధాన్యం పులియబెట్టి చేసే చిక్కటి, పుల్లటి, తియ్యటి పానీయం, చెంచాతో తినేంత చిక్కగా ఉంటుంది. వెఫా బోజాజిసి 1876 నుంచి దీన్నే అమ్ముతోంది. టర్కీ రిపబ్లిక్ స్థాపకుడు అతాతుర్క్ తాగిన గ్లాసుని అద్దాల పెట్టెలో పెట్టి చూపిస్తారు. ఎదురు కొట్లో వేడి వేడి వేయించిన శనగలు కొనుక్కుని లోపలికి వెళ్ళండి, బోజా మీద అవి వేసుకుని తినడం అక్కడి పద్ధతి.

6. నిలబడి తినేవి

మన నాలుకకి ముందుగా నచ్చేది చి కొఫ్తె. పేరుకి మాంసం వంటకమే కానీ చెయిన్ షాపుల్లో అమ్మేది మాంసం లేనిదే: గోధుమ రవ్వ, మిరప ముద్ద, ఎండు మిరప పొడి, మసాలాలు కలిపి బాగా పిసికిన ముద్ద. చేసేవాడు గుప్పిట్లో నొక్కి పెడతాడు, వేళ్ళ గుర్తులు దాని మీద కనిపిస్తాయి. దురుమ్ అడిగితే పల్చటి రొట్టెలో లెట్యూస్, పుదీనా, దానిమ్మ పులుపు, నిమ్మరసంతో చుట్టిస్తాడు. ‘అజి ఒల్సున్’ అంటే కారం వేస్తాడు. శాకాహారులకి, జేబులో డబ్బు తక్కువున్నవాళ్ళకి దీన్ని మించింది లేదు.

ఓర్తాకొయ్‌లో కుంపిర్ అమ్మే కొట్లు వరసగా ఉంటాయి. పెద్ద బంగాళాదుంపని కాల్చి, చీల్చి, వెన్న, చీజ్ కలిపి మెదిపి, పైన మీరు చూపించినవి వేస్తారు. అన్నీ వేయించుకుంటే రుచి గందరగోళమైపోతుంది, మూడు నాలుగు చాలు.

మిద్యె దొల్మా అంటే ఆల్చిప్పల్లో మసాలా అన్నం కూరింది. అమ్మేవాడు పై చిప్ప విరిచి, దాన్నే చెంచాగా చేసి, నిమ్మకాయ పిండి చేతికిస్తాడు. మీరు ఆపేదాకా ఇస్తూనే ఉంటాడు, ఖాళీ చిప్పలు లెక్కపెట్టి డబ్బు తీసుకుంటాడు. ఒక్కోటి ఎంతో ముందే అడగండి. ఎండాకాలం మధ్యాహ్నం ఎండలో పెట్టిన పళ్ళెం దగ్గర తినకండి. జనం ఎక్కువున్న బండి దగ్గర, సాయంత్రం తినండి.

గలాటా వంతెన దగ్గర చేప రొట్టె, బాలిక్ ఎక్మెక్, బాగానే ఉంటుంది. వంతెన మీద గేలాలు వేసేవాళ్ళు పట్టిన చేపే అనుకోకండి, చాలావరకు బయటి దేశం నుంచి వచ్చే మాకెరెల్. ముల్లు చూసుకుని తినండి, పక్కనే అమ్మే ఊరగాయ నీళ్ళు తాగితే నూనె వెగటు పోతుంది. వంతెన కింది హోటళ్ళలో కూర్చుంటే మాత్రం చేప ధర కిలోకా, ప్లేటుకా అని తేల్చుకున్నాకే చెప్పండి.

7. రాత్రి: మెయ్‌హానె, తర్వాత సూప్

మెయ్‌హానెకి ఎనిమిది తర్వాత, నలుగురైదుగురు కలిసి వెళ్ళాలి. మెజెలన్నీ పెట్టిన పెద్ద పళ్ళెం బల్ల దగ్గరికే తెస్తారు, చూసి ఎంచుకోవాలి. తొందరపడి పది ప్లేట్లు పెట్టించుకోకండి. ముందు మూడు నాలుగు చెప్పండి: ఖర్బూజా, తెల్ల చీజ్, హైదరి అనే గట్టి పెరుగు, కాల్చిన వంకాయ. వేడివి తర్వాత, చేప చివర్లో. రాకి అంటే ద్రాక్షతో కాచి సోంపు వేసిన మందు, నీళ్ళు కలపగానే తెల్లగా అవుతుంది. నెమ్మదిగా, నీళ్ళతో, తింటూ తాగేది. గటగటా తాగితే పక్కవాళ్ళే ఆపుతారు. బెయోలులో నెవిజాదె సందు పాత పేరు, కాస్త రద్దీ ఎక్కువ. కడికొయ్ మార్కెట్ చుట్టూ ఉన్నవి నాకు ఎక్కువ నచ్చుతాయి. బీరు చాలంటే కడికొయ్‌లోనే కదీఫె సొకాకి వెళ్ళండి.

రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా దుకాణాల్లో మందు అమ్మకూడదు, 2013 నాటి చట్టం అది. లైసెన్సున్న బార్లు, హోటళ్ళకి అది వర్తించదు.

తక్సిమ్ దగ్గర ఒంటరిగా నడుస్తున్న మగవాళ్ళతో ఎవరైనా స్నేహంగా మాటలు కలిపి, ‘రా, మంచి బార్ చూపిస్తా’ అంటే వెళ్ళకండి. లోపల రెండు బీర్లకి వేల రూపాయల బిల్లు వేసి, కట్టేదాకా కదలనివ్వని మోసం అది, పాతదే అయినా ఇంకా జరుగుతూనే ఉంది.

తాగినా తాగకపోయినా అర్ధరాత్రి చోర్బాజికి వెళ్ళండి. టాక్సీ డ్రైవర్లు, డ్యూటీ దిగిన నర్సులు, పెళ్ళి నుంచి వచ్చినవాళ్ళు అందరూ అక్కడే ఉంటారు. ఇష్కెంబె అంటే పశువు పొట్టతో కాచే సూప్. వెల్లుల్లి వేసిన వెనిగర్, ఎండు మిరప పొడి బల్ల మీదే ఉంటాయి, మనం ఎంత వేసుకుంటే అంత ఘాటు. బోటి కూర ఇష్టపడేవాళ్ళు వదలకండి. మిగతావాళ్ళకి పప్పు సూప్ ఉండనే ఉంది.

8. బిల్లు

ధరలు ఇక్కడ రాయలేదు, లీరా విలువ వేగంగా పడుతున్న దేశంలో నిరుటి అంకె ఈ ఏడు పనికిరాదు. గుమ్మం దగ్గరా, బల్ల మీదా ధరల పట్టిక ఉండాలనేది అక్కడి నిబంధన. కనబడకపోతే, లేదా ధరలు యూరోల్లో రాసి ఉంటే, లేచి వచ్చేయండి. అడక్కుండా తెచ్చిన మెజె ప్లేటు మీద చెయ్యి వేసేముందు ‘ఇక్రామ్ మి?’ అనండి, ఉచితమా అని. భోజనం తర్వాత ఇచ్చే టీ చాలాచోట్ల ఉచితమే. లోకంతాలో చిల్లర వదిలేస్తే చాలు, కూర్చుని వడ్డించే చోట పది శాతం దాకా ఇస్తారు. కార్డు దాదాపు అంతటా పనిచేస్తుంది, సిమిత్ బండికీ ఆల్చిప్పలవాడికీ నోట్లు ఉంచుకోండి. నీళ్ళు సీసావే తాగండి. వెళ్ళేటప్పుడు ‘ఎలినిజె సాలిక్’ అనండి, మీ చేతికి ఆరోగ్యం అని. వంటవాడి మొహం వెలిగిపోతుంది.

కపాలిచార్షి, అంటే గ్రాండ్ బజార్, ఆదివారం మూసేస్తారు, దాని చుట్టూ ఉన్న లోకంతాలు కూడా చాలావరకు మూతే. రంజాన్‌లో పగలు కొన్ని లోకంతాలు తెరవవు, సూర్యాస్తమయానికి ముందు గంట నుంచి ఎక్కడా బల్ల దొరకదు.

9. విమానం మారే మధ్యలో ఒక్క పగలే ఉంటే

యూరప్‌కో, అమెరికాకో వెళ్తూ ఇస్తాంబుల్‌లో ఆగే తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు. బయటికి రావడానికి వీసా కావాలా, మీకు ఈ-వీసా వస్తుందా అన్నది టికెట్ కొనేముందే చూసుకోండి. చేతిలో పది గంటలుంటే ఇలా చేయండి. విమానాశ్రయం నుంచి ఎం11 మెట్రోలో గైరెత్తెపె, అక్కడ ఎం2 మారి వెజ్నెజిలెర్‌లో దిగండి. సులేమానియెలో కురు ఫసుల్యె, దగ్గర్లోనే వెఫాలో బోజా. కిందికి నడుచుకుంటూ ఎమినొనుకి వచ్చి కాఫీ, అక్కణ్ణుంచి కడికొయ్‌కి పడవ, తిరిగి వచ్చేటప్పుడు కరాకొయ్‌లో దిగండి. విమానాశ్రయానికి గంటన్నరకి తక్కువ కాకుండా పెట్టుకోండి. కరాకొయ్ రేవు దగ్గరే గుల్లుఓలు అనే బక్లావా కొట్టుంది, బక్లావా అంటే పాకం పోసిన పొరల స్వీట్. అక్కడే తినడానికి పిస్తా బక్లావా ఒక ప్లేటు చెప్పండి. ఊరికి పట్టుకెళ్ళడానికైతే ‘కురు బక్లావా’ అడగండి, పాకం తక్కువ కాబట్టి బ్యాగులో కారదు, ఎక్కువ రోజులు నిలవ ఉంటుంది. ప్రయాణానికని చెప్తే డబ్బా గట్టిగా కట్టి ఇస్తారు.